ప్రాక్టీస్ షోకి వస్తే మీకేం కావాలి?

విజయనగరం దగ్గర మా తోటలో నాలుగు గుర్రాలున్నాయండి. సిరిమానోత్సవం హడావుడి తగ్గాక, స్వారీ నేర్చుకునేవాళ్ల కోసం ఒక్కరోజు చిన్న షో పెడదామనుకుంటున్నాం. 20 బై 40 మీటర్ల డ్రస్సాజ్ ఎరీనా (గుర్రం చేత చెప్పిన వరసలో నడక, పరుగు, మలుపులు చేయించి చూపించే చోటు), 60 సెంటీమీటర్లు దాటని జంప్‌లు. పతకాలకి కాదు, గుర్రానికి జనం అలవాటవ్వాలని.

నేను వెళ్లిన ఒక షోలో పొద్దున్న 7కి రమ్మని పన్నెండున్నరకి పిలిచారు. జీను కింద గుడ్డ పిండితే నీళ్లు కారాయి. చివరికి చేతికొచ్చిన కాగితంలో పదికి ఐదు అని అంకెలే, ఎందుకో ఒక్క ముక్క లేదు! ఒళ్లు మండింది.

అందుకే అడుగుతున్నా. జడ్జి రెండు మాటలు రాసిస్తే సరిపోతుందా, తప్పిన జంప్ అక్కడే మళ్లీ చేయనివ్వాలా? ముందురోజు రాత్రే టైములు వాట్సాప్‌లో పెడితే నమ్ముతారా? పిల్లలకీ పెద్దలకీ విడివిడిగా పెట్టాలా? కప్పులు మానేసి ఫీజు తగ్గిస్తే వస్తారా? మొహమాటం లేకుండా చెప్పండి.