అప్‌డేట్: రెండు భాషలు వద్దంటున్న అత్తయ్య, మామయ్యల విషయం

రెండు భాషలు ఒకేసారి వింటే పాపకి మాటలు ఆలస్యమవుతాయని అత్తయ్య, మామయ్య పట్టుబడుతున్నారు, ఎలా ఒప్పించాలని ఇంతకుముందు అడిగాను. సలహా ఇచ్చినవాళ్ళందరికీ చాలా థాంక్స్. ఇదే ఇబ్బందిలో ఉన్నవాళ్ళ కోసం, పనిచేసినవి రాస్తున్నాను.

అన్నిటికంటే పనికొచ్చింది ఫ్రిజ్ మీద అంటించిన కాగితం. పాప తనంతట తాను అనే ప్రతి మాటా అందులో రాయాలి. ‘కుక్క’, ‘డాగ్’ రెండూ అంటే రెండు మాటలుగానే లెక్క. పెద్దవాళ్ళు సాధారణంగా తమ భాషలో మాటలే లెక్కేస్తారు, అందుకే వెనకబడినట్టు కనిపిస్తుంది. కాగితం వాళ్ళ చేతే రాయించండి, వాదనలు చాలావరకు తగ్గుతాయి.

రెండేళ్ళు నిండినా రెండు భాషల్లో కలిపి 50 మాటలు లేకపోతే, లేదా రెండేసి మాటలు కలపకపోతే, ముందు వినికిడి పరీక్ష, తర్వాత స్పీచ్ థెరపిస్ట్. ఒక భాష మానేయడం దానికి చికిత్స కాదు. ఇది మాత్రం గట్టిగా చెప్పాల్సిందే.

‘డాగ్ వచ్చింది’ అంటే తికమకపడుతోందని కాదు, తెలిసిన మాట వాడుకుంటోంది. ‘తప్పు, కుక్క అను’ అని సరిదిద్దితే పిల్లలు నోరు మూసుకుంటారు. ‘అవునమ్మా, కుక్క వచ్చింది, ఎంత పెద్ద కుక్కో!’ అని మాట కొనసాగిస్తే చాలు.

స్నానం, పడుకునేముందు కథ ఇప్పుడు అత్తయ్యవే, పూర్తిగా ఆవిడ భాషలోనే. మామయ్య మాత్రం బడికెళ్ళాక చూద్దాం అంటున్నారు.