మిషన్ ట్రైనింగ్ మొదటి రోజులు ఎలా ఉంటాయి? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

సికింద్రాబాద్_తమ్ముడు
అందరికీ నమస్తే. మాది లాటర్-డే సెయింట్స్ సంఘం, మార్మన్ చర్చి అంటారే, అదే. నాకు మిషన్ కాల్, అంటే రెండేళ్లు ఇల్లు వదిలి సువార్త చెప్పే సేవకి పిలుపు, వచ్చింది, ఢిల్లీ మిషన్. నాకు పద్దెనిమిదేళ్లు, ఇంజనీరింగ్ సీటు వదులుకుని వెళ్తున్నాను. వచ్చే నెలలో ముందు ఇంట్లోనే ఆన్‌లైన్ ట్రైనింగ్, ఆ తర్వాత ఫిలిప్పీన్స్‌లో మనీలా ఎంటీసీ (మిషనరీ ట్రైనింగ్ సెంటర్). జనరల్ బజార్‌లో సూట్ కుట్టడానికి ఇచ్చాం, అమ్మ అప్పుడే పచ్చళ్ల లిస్టు రాస్తోంది. స్టేక్‌లో (మా చుట్టుపక్కల చర్చిలన్నీ కలిసిన విభాగం) పెద్దవాళ్లని అడిగితే "చాలా బాగుంటుంది, ప్రభువు చూసుకుంటాడు" అంటున్నారు. అది సరే, మొదటి నాలుగు రోజులు నిజంగా ఎలా గడుస్తాయో ఎవరూ చెప్పట్లేదు. రోజంతా కంపానియన్‌తోనే, అంటే జతగా వేసిన ఇంకో మిషనరీతోనే, ఉండాలంటే నాకు భయంగా ఉంది, ఒక్కడినే కొడుకుని, నా గది నాకు అలవాటు. ఇంగ్లిష్ కూడా అంతంతమాత్రమే. ఉన్నది ఉన్నట్టు చెప్పండి ప్లీజ్.

గోదావరి_అక్క
కంగ్రాట్స్ తమ్ముడూ. మాది రాజమండ్రి, నేను మనీలాలోనే ట్రైనింగ్ చేశాను, కోవిడ్‌కి ముందు. అప్పట్లో ఈ ఆన్‌లైన్ వారం లేదు, నేరుగా విమానం ఎక్కించేవాళ్లు. ఎంటీసీ ఉండేది క్యూజాన్ సిటీలో, గ్రీన్‌మెడోస్ అనే పేటలో. ఎదురుగానే టెంపుల్, అంటే మామూలు చర్చి కాదు, ప్రత్యేక విధులు జరిగే ఆలయం. నేను టెంపుల్ లోపలికి వెళ్లడం అదే మొదలు. బెంగళూరు టెంపుల్‌ని ప్రకటించిందే 2018లో కదా, అప్పట్లో మనవాళ్లకి విదేశమే గతి.

వెళ్లగానే నల్ల బ్యాడ్జి పెడతారు. దాని మీద మన పేరుగా ఇంటిపేరు ఒక్కటే ఉంటుంది. మన ఇంటిపేర్ల సంగతి తెలిసిందే, మాది తాతల ఊరి పేరు, పలికేలోపు భోజనాల బెల్లు మోగుతుంది. ఫిలిపినో పిల్లలు రెండు రోజులు ప్రయత్నించి వదిలేసి మొదటి రెండక్షరాలతో పిలవడం మొదలుపెట్టారు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ దగ్గర ఏముందో ఒకసారి చూసుకో, రెండేళ్లూ నీ పేరు అదే.

ఇక కంపానియన్. బాత్రూమ్‌కి, స్నానానికి తప్ప ఎక్కడికి వెళ్లినా ఇద్దరూ ఒకరికొకరు కనిపిస్తూ, వినిపిస్తూ ఉండాలి. నాకు ఫిలిప్పీన్స్‌లోనే సెబు దీవి అమ్మాయి పడింది. మొదటి రాత్రి నాకు ఏడుపొచ్చింది, దుప్పటి కప్పుకుని ఏడుద్దామనుకుంటే పక్క మంచం మీద తనే ముందు మొదలుపెట్టింది. దాంతో నాది ఆగిపోయింది. మర్నాడు తను పచ్చి మామిడికాయ ముక్కలు బాగూంగ్‌తో తినమని ఇచ్చింది. అది రొయ్యలు ఊరేసిన ముద్ద, మన ముక్కులకి కొత్త కాదు. నేను ఉప్పూ కారం కలిపి ఇచ్చాను. కారం దగ్గర తను ఓడిపోయింది.

ఇంగ్లిష్ గురించి టెన్షన్ వద్దు, అక్కడ సగం మందిది నీలాంటి ఇంగ్లిషే. పైకి వినపడేలా ప్రార్థన చెయ్యమన్నప్పుడు నాకు మాట వచ్చేది కాదు. మా టీచర్ "మీ భాషలో చెయ్యండి" అంది. తెలుగులో చేశాక నాకే తెలియకుండా చాలాసేపు చేసేశాను. నువ్వూ అడుగు, ఎవరూ ఏమనరు.

లీహై_రావు
నేను మీ సంఘంవాణ్ణి కాను, వెంకన్న భక్తుణ్ణి. యూటాలో లీహైలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా వీధిలో ఏటా ఒకరిద్దరు పిల్లలు మిషన్‌కి వెళ్తూనే ఉంటారు కాబట్టి బయటి నుంచి చూసింది చెప్తాను.

వెళ్లే ముందు ఆదివారం ఆ పిల్లాడు చర్చిలో మాట్లాడతాడు, తర్వాత ఇంట్లో భోజనాలు. పోయినసారి పక్కింటివాళ్లు ప్రోవోలో దింపడానికి వెళ్తుంటే నేనూ వెళ్లాను. 900 ఈస్ట్ రోడ్డు మీద ఎంటీసీ, వెనకాల కొండ మీద పెద్ద తెల్లటి 'వై' అక్షరం. ఎదురుగా ఉండే గుడిని 2024 ఫిబ్రవరిలో మూసి మళ్లీ కట్టడం మొదలుపెట్టారు. కార్లు వరసగా ఆగుతాయి. పేవ్‌మెంట్ దగ్గరే కౌగిలింతలు, ఫొటో, అంతే. సీనియర్ కుర్రాడొకడు చిరునవ్వుతో వచ్చి సూట్‌కేసు చేతిలోంచి తీసుకుంటాడు, వెనక కారువాళ్లు ఎదురుచూస్తుంటారు కనుక మనం కదలాలి. శంషాబాద్‌లో కొడుకుని అమెరికా పంపేటప్పుడు అద్దానికి అతుక్కుని సెక్యూరిటీ దాటేదాకా చూస్తాం కదా, ఇక్కడ ఆ అవకాశమే లేదు. నాకు కటువుగా అనిపించింది. వాళ్లమ్మ మాత్రం "ఎంతసేపు నిలబడితే వాడికి అంత కష్టం" అంది. ఆవిడకి అది మూడో కొడుకు.

పాతబ్యాచ్
రావుగారు చెప్పిన ప్రోవోలోనే నా ట్రైనింగ్. టెక్సాస్‌లో పెరిగిన తెలుగువాణ్ణి, స్పానిష్ మిషన్. 2000ల మాట. అప్పటికి ఆ ఆరంతస్తుల కొత్త భవనాలు లేవు, అవి 2017లో వచ్చాయి.

సూట్‌కేసు గదిలో పడేసి క్లాసుకి వెళ్తే టీచర్ ఒక్క ముక్క ఇంగ్లిష్ మాట్లాడలేదు. అన్నీ స్పానిష్‌లోనే, సైగలతో. రెండు మూడు రోజుల్లోనే "ఇదిగో ఈయనకి సువార్త గురించి తెలుసుకోవాలని ఉంది, వెళ్లి మాట్లాడండి" అని ఒక గదిలోకి పంపారు. మేమిద్దరం కాగితం మీద రాసుకున్న వాక్యాలు అయిదు నిమిషాల్లో అయిపోయాయి. ఆయన ఏదో అడిగాడు, మాకు ఒక్క మాటా అర్థం కాలేదు, "సీ, సీ" (అవును, అవును) అన్నాం. కొన్ని రోజులకి ఆయనే మా రెండో టీచర్‌గా క్లాసులోకి వచ్చాడు! తన మిషన్‌లో కలిసిన ఒక మనిషిలా నటించాడన్నమాట. ఇప్పటికీ ఇదే పద్ధతి, తమ్ముడు సిద్ధంగా ఉండాలి. నటన అని తెలిసినా సరే, ఆ మనిషి ఏం చెబుతున్నాడో వినాలి. వచ్చిన పాఠం అప్పజెప్పేసి లేచివచ్చేవాళ్లే ఎక్కువ. చేతిపుస్తకం 'ప్రీచ్ మై గాస్పెల్' 2004లో వచ్చింది, 2023లో దాన్ని సవరించి మళ్లీ వేశారు. అందులో కూడా బట్టీ పట్టమని లేదు.

ఇంటికి ఫోన్ మాకు ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కి, మదర్స్ డేకి. 2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి పీ-డే రోజు (సొంత పనులు చూసుకునే రోజు) వీడియో కాల్ చేసుకోవచ్చు. మీ తరం అదృష్టవంతులు అనాలో లేదో నాకు తెలీదు. ఫోన్ లేకపోతే బెంగ ఒకసారి వచ్చి పోతుంది. వారం వారం అమ్మ ముఖం చూస్తే వారం వారం కొత్తగా మొదలవుతుందేమో.

వైజాగ్_అమ్మ
పాతబ్యాచ్ గారూ, ఆ చివరి మాట ఒప్పుకోనండి. మా అమ్మాయి ఇప్పుడు మిషన్‌లోనే ఉంది. ఆ వారం కాల్ లేకపోతే నేనేమైపోయేదాన్నో. మొదటి కాల్‌లో అది ముప్పావు గంట తిండి గురించే మాట్లాడింది. పొద్దున్నే వెల్లుల్లి అన్నం పెడుతున్నారట, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం, పెరుగు మాత్రం లేదట. ప్రార్థన గురించి ఒక్క మాట చెప్పలేదు. అప్పుడే నాకు ధైర్యం వచ్చింది. అన్నం గురించి సణుగుతోందంటే బాగానే ఉందన్నమాట.

నా ప్రశ్న వేరు. కుదురుకోలేక మధ్యలో వచ్చేసేవాళ్ల సంగతేంటి? మా బ్రాంచ్‌లో (మా చిన్న చర్చి) ఒక కుర్రాడు తిరిగొచ్చాడు. ఆదివారం వాడు లోపలికి వస్తే అందరూ జాలిగా చూస్తున్నారు. వాడు ఇప్పుడు రావడమే మానేశాడు.

గోదావరి_అక్క
ఆంటీ, ఆ జాలి చూపులు మానాల్సింది మనం. ట్రైనింగ్‌లోనే నిద్ర పట్టక, గుండె దడతో బాధపడేవాళ్లని నేను చూశాను. బలహీనత అనుకుని దాచుకుంటారు. 'అడ్జస్టింగ్ టు మిషనరీ లైఫ్' అని సంఘంవాళ్లే ఒక చిన్న పుస్తకం వేశారు. ఒత్తిడిని ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అని నాలుగు రంగుల్లో చెబుతుంది. పసుపులో ఉంటే ఏం చెయ్యాలి, నారింజకి వస్తే ఎవరికి చెప్పాలి అని వివరంగా ఉంటుంది. తమ్ముడూ, వెళ్లకముందే చదువు. ఎంటీసీలో రాత్రి పడుకోబోయేముందు నా కంపానియనూ నేనూ "ఈరోజు నీ రంగేంటి" అని అడుక్కునేవాళ్లం. ఒకరోజు తను "ఎరుపు" అంటే నేను లేచి వెళ్లి బ్రాంచ్ ప్రెసిడెంట్ (అక్కడ మా గుంపుకి పెద్ద) భార్యని పిలుచుకొచ్చాను. వాళ్లు డాక్టర్‌కి చూపించారు, తను మిషన్ పూర్తి చేసింది. పూర్తి చెయ్యకపోయినా నాకు తను అదే మనిషి.

నల్లకుంట_నాస్తికుడు
పక్కనుంచి చదువుతున్నాను, తప్పుగా అనుకోకండి. పద్దెనిమిదేళ్ల పిల్లాడు ఇంజనీరింగ్ సీటు వదిలి, రెండేళ్లు టై కట్టుకుని అమెరికా మతాన్ని ప్రచారం చెయ్యడం నాకు మింగుడు పడట్లేదు. వయసు ఎందుకు తగ్గించారు? ప్రశ్నలు అడగడం నేర్చుకునేలోపే పట్టేద్దామనా?

పాతబ్యాచ్
అడగాల్సిన ప్రశ్నే. 2012 అక్టోబర్‌లో అబ్బాయిలకి 19 నుంచి 18కి, అమ్మాయిలకి 21 నుంచి 19కి తగ్గించారు. ఆ తర్వాత వెళ్లేవాళ్లు బాగా పెరిగారు. చిన్న వయసు కాబట్టి ట్రైనింగ్‌లో బెంగ కూడా పెరిగిందని నా అభిప్రాయం, సంఘంలో చాలామంది నాతో ఏకీభవించరు. కానీ 18కే వెళ్లాలని లేదు, అబ్బాయిలు 25 వరకూ వెళ్లొచ్చు.

'అమెరికా మతం' అన్న మాటకి మాత్రం చిన్న సవరణ. పుట్టింది అమెరికాలోనే, కాదనను. హైదరాబాద్‌కి తెచ్చింది మాత్రం సమోవాలో ఉద్యోగం చేసుకుంటూ అక్కడ సంఘంలో చేరిన మన తెలుగు దంపతులు, ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ. 1978లో వచ్చి సొంత చుట్టాలకే ముందు బోధించారు. దేశంలో తొలి స్టేక్ ఏర్పడింది కూడా 2012లో హైదరాబాద్‌లోనే.

నల్లకుంట_నాస్తికుడు
ఇది తెలీదు. థాంక్స్. సీటు గురించి నా మాట మాత్రం మార్చుకోను.

గోదావరి_అక్క
సీటు గురించి ఆయన చెప్పింది తీసిపారెయ్యకు తమ్ముడూ. నేను డిగ్రీ అయ్యాక వెళ్లాను, అమ్మాయిలకి పద్దెనిమిది నెలలే కాబట్టి తేలిగ్గా సరిపోయింది. నీకు రెండేళ్లు. ఇంటర్ లెక్కలు రెండేళ్లు ముట్టుకోకపోతే ఎప్‌సెట్ (పాత ఎంసెట్) మళ్లీ మొదటి నుంచి చదవాలి. వెళ్లాలని నిర్ణయించుకున్నావు కాబట్టి వెళ్లు, మార్కుల మెమోలు, టీసీ, కులం సర్టిఫికెట్ అన్నీ నాన్నగారి చేతిలో పెట్టి వెళ్లు. తిరిగొచ్చాక నాకు అసలు ఏడుపు ఆఫీసుల చుట్టూ తిరగడంతోనే వచ్చింది.

సికింద్రాబాద్_తమ్ముడు
అందరికీ థాంక్స్. ఆన్‌లైన్ వారం మొదలైంది, అందుకే ఇన్ని రోజులు కనిపించలేదు. స్టేక్ ప్రెసిడెంట్ తల మీద చేతులుంచి సెట్ అపార్ట్ చేశారు, అంటే ప్రార్థన చేసి సేవకి నియమించారు. ఆ నిమిషం నుంచి నేను మిషనరీనే, ఇంట్లో ఉన్నా రూల్స్ రూల్సే. ఈ పోస్టు కూడా మెంటర్‌ని అడిగి, నాన్న ల్యాప్‌టాప్‌లో రాస్తున్నాను, మళ్లీ రాను.

మనీలా మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ ఉదయం 8కి క్లాస్ అంటే ఇక్కడ 5:30. తెల్ల చొక్కా, టై, కింద లుంగీ, మొదటి రోజు అలాగే కూర్చున్నాను. ప్రార్థనకి లేచి నిలబడమనలేదు, బతికిపోయాను. వెనక అమ్మ కుక్కర్ పెడుతుంటే విజిల్ క్లాసంతా వినపడింది. టీచర్ ఏమిటని అడిగితే చెప్పాను. స్క్రీన్ మీద ఒక పాకిస్తాన్ ఎల్డర్ (అబ్బాయి మిషనరీని అలా అంటారు) నవ్వుతూ "మా ఇంట్లో కూడా అంతే" అన్నాడు. లాహోర్ అబ్బాయి. బ్రేక్‌లో ఉర్దూలో మాట్లాడుకున్నాం, మన హైదరాబాదీ వింటే వాడికి ఒకటే నవ్వు. మనీలాలో మాది ఒకే డిస్ట్రిక్ట్ (కలిసి నేర్చుకునే చిన్న గుంపు) అట. క్రికెట్ ఊసెత్తకూడదని ఇద్దరం ముందే ఒప్పందం చేసుకున్నాం.

కష్టమైంది ఇంకోటి. మా చెల్లి పక్క గదిలో సీరియల్ చూస్తుంటే, ఫ్రెండ్స్ గేటు దగ్గర పిలుస్తుంటే, ఇంట్లో ఉండి కూడా లేనట్టు ఉండాలి. దీనికంటే మనీలానే నయమనిపిస్తోంది. త్వరగా విమానం ఎక్కించేస్తే బాగుండు.

పాతబ్యాచ్ అన్నా, ఆ నటించే మనిషి నిన్న వచ్చాడు. జూమ్‌లో. వాళ్లమ్మ చనిపోయిందని చెప్పాడు. నేను రాసుకున్నదంతా పక్కన పెట్టి ఆవిడ పేరేంటని అడిగాను. ఆయన కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత చాలా చెప్పాడు. పాఠం సగం కూడా అవలేదు. టీచర్ ఏమంటారో చూడాలి.

పాతబ్యాచ్
ఏమన్నా అంటే నా పేరు చెప్పు.

వైజాగ్_అమ్మ
బాబూ, పచ్చడి సీసాల్లో పెట్టొద్దని అమ్మకి చెప్పు. రెండు ప్లాస్టిక్ కవర్లలో వేసి, మూతి సీలు చేయించి, చెక్-ఇన్ సామానులో పెట్టమను. క్యాబిన్ బ్యాగులో నూనె కనిపిస్తే ఎయిర్‌పోర్టులోనే తీసేయిస్తారు. దొండకాయ వేపుడు లాంటివి వద్దు, గోంగూర, ఆవకాయ చాలు. లాహోర్ అబ్బాయికి కూడా సరిపోయేలా పెట్టమను.