కువైట్‌లో రేడియో నుంచి పట్టిన పాటల క్యాసెట్లు: శ్రుతి సరిచేయడం ఎలా?

చెన్నైలో ఉంటున్నాం. 1980ల్లో కువైట్‌లో మావాళ్లు రేడియో నుంచి పట్టుకున్న సీ-90 (90 నిమిషాల) క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాం. పాటల మధ్య గదిలోవాళ్ల మాటలు వినిపిస్తాయి. పాటలు మళ్లీ దొరుకుతాయి, ఆ మాటలు దొరకవు. అందుకే నాయిస్ రిడక్షన్ (వెనకాల చప్పుళ్లను తగ్గించే పద్ధతి) వాడట్లేదు.

డెక్ (క్యాసెట్ ప్లేయర్) లైన్ అవుట్ నుంచి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో, పీక్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా తీసుకుంటున్నాం. పాట ఒక స్వరస్థానం కిందికి దిగి వస్తోంది. మా డెక్‌కి కొత్త బెల్టు వేసినా అంతే, కాబట్టి అప్పటి రికార్డరే వేగంగా తిరిగి ఉండాలి. కువైట్ కరెంటు 50 హెర్ట్జ్. ఆ కరెంటు వల్ల రికార్డింగ్‌లో చేరే సన్నని గుయ్‌మనే శబ్దం (హమ్) టేపులో 47 హెర్ట్జ్ దగ్గర కనిపిస్తోంది. (మా డెక్ సొంత హమ్ 50 దగ్గర విడిగా ఉంటుంది, రెండూ కలిపేసుకోకూడదు.) ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఛేంజ్ స్పీడ్‌తో 6.4 శాతం పెంచితే సరిపోయింది.

బ్యాటరీ మీద పట్టిన టేపుల్లో హమ్ లేదు. వాటికి దేన్ని ఆధారం చేసుకోవాలి? పాట ఒరిజినల్‌తో పోల్చవచ్చు గానీ, రేడియో స్టేషన్ ప్లేయర్ వేగమే తేడాగా ఉంటే?

ఇంకొకటి. ఒక క్యాసెట్‌లో ప్రెషర్ ప్యాడ్ (టేపును హెడ్‌కి ఆనించి ఉంచే చిన్న మెత్త) ఊడిపోయి హై ఫ్రీక్వెన్సీలు పోతున్నాయి. టేపును వేరే డబ్బాలోకి మార్చాలి. స్క్రూలున్న ఖాళీ డబ్బాలు ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో ఎవరి దగ్గరైనా దొరుకుతాయాండీ?