గిన్నె దగ్గరికి వెళ్తే గుర్రుమంటున్నాడు, ఏం చెయ్యాలి?

బన్నీవాళ్ళమ్మ:
అందరికీ నమస్కారం. మా బన్నీ లాబ్రడార్, అయిదేళ్ళు. పిల్లగా ఉన్నప్పటి నుంచీ మా దగ్గరే. ఎవరి మీదా నోరు చేసుకున్నవాడు కాదు. అలాంటిది ఈమధ్య తింటున్నప్పుడు దగ్గరికి వెళ్తే గుర్రుమంటున్నాడు. మొన్న మా పాప (మూడేళ్ళది) బంతి కోసం గిన్నె పక్కనుంచి పరిగెత్తింది. వాడు తినడం ఆపేసి, తల గిన్నె మీద అలాగే ఉంచి, కొయ్యబారిపోయాడు. ఆ తర్వాత గుర్రు. కరవలేదు. మా ఆయనకి కోపం వచ్చి గిన్నె లాగేశారు. అప్పటినుంచి ఇంకా ఎక్కువైంది. ఇప్పుడు మేం గదిలోకి అడుగుపెడితే చాలు, గబగబా మింగేస్తున్నాడు. మా అత్తగారు ఎవరికైనా ఇచ్చెయ్యమంటున్నారు. నాకు మనసొప్పట్లేదు, అలాగని పాపని పక్కన పెట్టుకుని ప్రయోగాలూ చెయ్యలేను. దారి చెప్పండి.

సూటిమాట:
ఇందులో ఆలోచించడానికేముందండీ, నెత్తికెక్కించుకున్నారు. ఇంట్లో పెద్ద ఎవరో వాడికి తెలియాలి. ముందు మీరు తినండి, తర్వాత వాడికి పెట్టండి. గుర్రుమంటే గిన్నె లాక్కుని మూతి మీద ఒకటి వెయ్యండి. వారంలో దారికొస్తాడు.

పాతకాపు:
సూటిమాట గారూ, ఈ మాట మీరొక్కరే కాదు, చాలామంది అంటారు. కానీ దాని పునాది ఎప్పుడో కదిలిపోయింది. రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన 1947లో జూలో ఉన్న తోడేళ్ళని గమనించి రాసినదాంట్లోంచి వచ్చింది ఈ 'ఆల్ఫా' గోల, అంటే కొట్లాడి గెలిచినదే గుంపుకి పెద్ద అనే మాట. ఎక్కడెక్కడివో తెచ్చి ఒక ఆవరణలో పడేస్తే అవి కొట్టుకోక ఏం చేస్తాయి? ఆ మాటని బాగా ప్రచారంలోకి తెచ్చినవాళ్ళలో ఒకరైన డేవిడ్ మీచ్ అనే ఆయనే 1999లో వ్యాసం రాసి, అడవిలో తోడేళ్ళ గుంపంటే ఎక్కువగా అమ్మా నాన్నా పిల్లలూ ఉన్న కుటుంబమేనని చెప్పాడు. తోడేళ్ళకే సరిపడని సూత్రాన్ని తెచ్చి లాబ్రడార్ మీద రుద్దడం ఎందుకు?

బన్నీవాళ్ళమ్మ గారూ, మీవాడు మిమ్మల్ని ఎదిరించడం లేదు. 'నా తిండి పోతుందేమో' అని భయపడుతున్నాడు. గిన్నె లాగేసిన రోజు ఆ భయం నిజమని తేలింది, అందుకే ఎక్కువైంది. అంతకంటే చిక్కేమీ లేదు. ఇక గుర్రు సంగతి. అది తప్పు కాదు, కబురు. దాన్ని కొట్టి మాన్పించడం కుక్కర్ కూత వినలేక వెయిట్ మీద రాయి పెట్టడం లాంటిది. భయం లోపల అలాగే ఉంటుంది, కబురు మాత్రం ఆగిపోతుంది. రేపు గుర్రు లేకుండానే పళ్ళు దిగుతాయి.

నిజానికి గుర్రు కంటే ముందే కుక్క చాలా చెబుతుంది. కెండల్ షెపర్డ్ అనే బ్రిటిష్ పశువైద్యురాలు దీన్ని ఒక నిచ్చెనలా గీసి చూపించారు. కింది మెట్ల మీద ఆవలించడం, ముక్కు నాక్కోవడం, తల పక్కకి తిప్పుకోవడం. ఇంకాస్త పైన పక్కకి తప్పుకోవడం, చెవులు వెనక్కి వాల్చి వంగిపోవడం, తోక కాళ్ళ మధ్య దూర్చుకోవడం. ఆ పైన బిగుసుకుపోయి గుడ్లప్పగించి చూడటం, తర్వాత గుర్రు, తర్వాత గాల్లో కొరకడం, ఆఖర్న కాటు. మీరు రాసిన 'కొయ్యబారిపోయాడు' అన్నది గుర్రుకి సరిగ్గా కింది మెట్టు. అది మీ కంట పడింది చూడండి, నాకు ధైర్యం అక్కడే కలిగింది. తల కదపకుండా కళ్ళు మాత్రం పక్కకి తిప్పితే తెల్లగుడ్డు నెలవంకలా కనిపిస్తుంది. తినే వేగం హఠాత్తుగా పెరుగుతుంది. ఇవి కూడా ఆ వరసలోవే.

ఇవాళ్టి నుంచే చెయ్యాల్సింది ఒకటుంది. వాణ్ణి తలుపు మూసిన గదిలోనో గేటు అవతలో పెట్టి తిననివ్వండి. ఆ టైములో ఎవరూ వెళ్ళొద్దు. తిని బయటికొచ్చాక, వాడు వేరే చోట ఉన్నప్పుడు గిన్నె తియ్యండి. ఎముకలు, నమిలే బొమ్మలు పాప తిరిగే చోట ఉండనివ్వొద్దు. దీంతో అలవాటు మారదు, ప్రమాదం మాత్రం ఆగుతుంది.

ఇక నా అనుమానం. అయిదేళ్ళు మంచిగా ఉన్న కుక్క ఇప్పుడెందుకు మారింది? తల విదిలిస్తున్నాడా, చెవి గోక్కుంటున్నాడా? ఒకవైపే నములుతున్నాడా, నోట్లోంచి మెతుకులు రాలుతున్నాయా? మెట్లెక్కడానికి జంకుతున్నాడా? డాక్టరు స్టెరాయిడ్ ఏమైనా రాశారా? దానివల్ల ఆకలి విపరీతంగా పెరుగుతుంది. కుక్కల ప్రవర్తన మీద పనిచేసే డానియల్ మిల్స్, ఆయన సహచరులు 2020లో ఒక వ్యాసం రాశారు. ప్రవర్తన బాగోలేదని తమ దగ్గరికి పంపిన జంతువుల్లో, తక్కువలో తక్కువ లెక్కేసినా మూడోవంతు కేసుల్లో ఏదో ఒక నొప్పి ఉందన్నారు. శిక్షణ గురించి మాట్లాడేముందు అది తేలాలి.

బన్నీవాళ్ళమ్మ:
మీరు అడిగాక చూశాను. కుడి చెవి లోపల ఎర్రగా ఉంది, గోధుమరంగు జిగురు, పుల్లటి వాసన. తల విదిలించడం ఉంది కానీ స్నానం చేశాక నీళ్ళు పోయాయేమో అనుకున్నాం. తల వంచి తినేటప్పుడు చెవి గిన్నె అంచుకి తగులుతోంది కూడా. రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాం. ఈ రాత్రికి నొప్పి తగ్గడానికి పారాసిటమాల్ సగం వెయ్యొచ్చా? కిందటేడాది చెవి చుక్కలు కొంచెం మిగిలున్నాయి, అవైనా?

పాతకాపు:
రెండూ వద్దు. దయచేసి.

పారాసిటమాల్ కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది, రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని పాడుచేస్తుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ అయితే కడుపులో పుళ్ళు, రక్తస్రావం, మూత్రపిండాలకి దెబ్బ. కుక్కకి పనికొచ్చే నొప్పి మందులు వేరే ఉన్నాయి. వాటిని డాక్టరు బరువు చూసి రాస్తారు. ఈలోగా ఇంట్లోది ఏదైనా వేస్తే, రెండు మందులూ కలిసి ఇంకో చిక్కు. ఒక రాత్రి నొప్పి ఓర్చుకోవడం వాడికి కష్టమే, కాదనను, కానీ ఈ గండం దానికంటే పెద్దది. రాత్రి తిండి మానేసినా, తల ఒకవైపుకే వంచేసినా, నడక తూలినా మాత్రం తెల్లారేదాకా ఆగకండి.

పాత చుక్కల సంగతి: లోపల కర్ణభేరి చిల్లుపడి ఉంటే కొన్నిరకాల చుక్కలు వినికిడినే పోగొట్టగలవు. అది డాక్టరు పరికరంతో చూస్తే తప్ప తెలియదు. ఇవాళ చెవి శుభ్రం కూడా చెయ్యకండి. ఆ జిగురు కాస్త తీసి మైక్రోస్కోప్ కింద పెడితే ఈస్టా (ఒకరకం బూజు) బాక్టీరియానా తెలుస్తుంది, మందు దాన్ని బట్టే. ఇయర్‌బడ్ అసలు దగ్గరికి రానివ్వొద్దు. కుక్క చెవి గొట్టం కిందికి దిగి అడ్డంగా మలుపు తిరుగుతుంది, బడ్ పెడితే మురికి ఆ మలుపు దాటి లోపలికి పోతుంది.

ఇంకోటి, నొప్పి ఉన్నచోట డాక్టరు ముట్టుకుంటారు కాబట్టి కరవకుండా మూతికి తొడిగే మజిల్ ఉంటే మంచిది. బుట్టలా ఉండేది తీసుకోండి, అందులో నోరు తెరిచి రొప్పగలడు, నీళ్ళు తాగగలడు. గుడ్డతో బిగించేది నిమిషం రెండు నిమిషాలకే. కుక్క ఒళ్ళు చల్లబడేది ముఖ్యంగా రొప్పడంతోనే, నోరు కట్టేస్తే ఆ దారి మూసేసినట్టే.

పిల్లీకుక్కా:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. పారాసిటమాల్ మాట వచ్చింది కాబట్టి: ఇంట్లో పిల్లి ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్త. ఆ మందుని విరిచి బయటికి పంపే ఏర్పాటు పిల్లి కాలేయంలో సరిగా ఉండదు, ఒక్క మాత్రతో ప్రాణం పోవచ్చు.

నా సందేహం కూడా ఒకటి. మావాడు గుర్రుమంటూనే తోక ఊపుతాడు. అది ఆటేనా?

పాతకాపు:
తోక ఊపితే సంతోషం అనుకుని చెయ్యి చాపి కరిపించుకున్నవాళ్ళు బోలెడుమంది. ఊపడమంటే 'ఉద్రేకంగా ఉన్నాను' అని మాత్రమే. నడుము దాకా ఒళ్ళంతా ఊగుతూ, నోరు వదులుగా తెరిచి ఉంటే స్నేహం. తోక పైకి బిర్రుగా నిలబెట్టి, చివర మాత్రం చిన్నగా వణుకుతూ, ఒళ్ళు బిగుసుకుని ఉంటే దూరంగా ఉండండి. తాడు లాగే ఆటలో గుర్రు మామూలే, అప్పుడు ఒళ్ళు వదులుగా ఉంటుంది, మధ్యమధ్య కుక్కలు ముందుకాళ్ళు వంచి పిరుదులు పైకెత్తుతాయి. ఇటలీవాళ్ళు 2007లో ఒక తమాషా విషయం కనిపెట్టారు. యజమానిని చూస్తే తోక కొంచెం కుడివైపుకి, భయపెట్టే కొత్త కుక్కని చూస్తే ఎడమవైపుకి ఎక్కువ ఊగుతుందట. తెలుసుకోడానికి బాగుంది, మీ కంటితో కొలవాలని మాత్రం చూడకండి.

బన్నీవాళ్ళమ్మ:
చూపించాం. ఈస్ట్ అన్నారు. శుభ్రం చేసి, చుక్కలు, నొప్పికి మందు ఇచ్చారు. ఇంకొన్నాళ్ళు ఇలాగే విదిలిస్తూ ఉంటే చెవి రెక్కలో రక్తం గడ్డకట్టేదన్నారు. మళ్ళీమళ్ళీ వస్తే ఎలర్జీ ఉందేమో చూడాలట. ఇప్పుడు ముట్టుకోనిస్తున్నాడు, ఆడుకుంటున్నాడు. కానీ గిన్నె దగ్గర మాత్రం ఇంకా కొంచెం బిగుసుకుంటున్నాడు. నొప్పి పోయాక కూడా ఎందుకు?

పాతకాపు:
నొప్పి పోయింది, గిన్నె లాగేసిన జ్ఞాపకం పోలేదు. ఇప్పుడు దాన్ని తిరగరాయాలి. మనిషి వస్తే తిండి పోదు, ఇంకా మంచిది వస్తుంది అని వాడికి ఎక్కాలి.

రోజూ తినే తిండి గిన్నెలో పెట్టండి. మీ చేతిలో అంతకంటే రుచైనది ఉండాలి, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, ఎముక లేనిది, గోరంత ముక్కలు. వాడు మిమ్మల్ని చూసి కూడా మామూలుగా తింటూ ఉండే దూరం ఎంతో చూసుకోండి, గది అవతలి గుమ్మమైనా ఫరవాలేదు. అక్కడినుంచి ఒక ముక్క గిన్నె వైపు విసిరి, వెనక్కి తిరిగి వెళ్ళిపోండి. ఈ వెళ్ళిపోవడంలోనే ఉంది కిటుకు. నిలబడి చూస్తూ ఉంటే వాడికి అనుమానం వస్తుంది. కొన్నాళ్ళకి మీ అడుగుల చప్పుడు వినగానే తల ఎత్తి, నోరు వదులుగా పెట్టి, ముక్క ఏదీ అన్నట్టు చూస్తాడు. అప్పుడు ఒక్క అడుగు ముందుకి. బిగుసుకున్నాడా, తొందరపడ్డారన్నమాట, రెండడుగులు వెనక్కి. మీ ఆయన విడిగా మొదటినుంచి మొదలుపెట్టాలి, ఆయన మీదే కదా అనుమానం ఎక్కువ! ధైర్యం పరీక్షించడానికని గిన్నెలో చెయ్యి పెట్టి కెలికేవాళ్ళుంటారు, అది చెయ్యకండి. వాడి నోట్లో ఏదైనా ఉంటే లాక్కోకుండా ఇంకోటి చూపించి మార్పిడి చెయ్యండి.

ముక్కల విషయంలో ఒక్క హెచ్చరిక. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి, వండిన ఎముకలు వద్దు. పీనట్ బటర్ ఇద్దామనుకుంటే సీసా మీద జైలిటాల్ (చక్కెర బదులు వేసే తీపి పదార్థం) అని ఉందేమో చదవండి. చక్కెర లేని చూయింగ్ గమ్, కొన్ని టూత్‌పేస్టుల్లో కూడా అది ఉంటుంది. కుక్క ఒంట్లో ఒక్కసారిగా ఇన్సులిన్ ఎగజిమ్మి చక్కెర పడిపోతుంది, కొన్నిసార్లు అరగంటలోనే, ఆపైన కాలేయం. ఇలాంటివి మింగితే పాకెట్ చేత్తో పట్టుకుని వెంటనే డాక్టరుకి ఫోన్ చెయ్యండి. ఉప్పునీళ్ళు పోసి కక్కించే పని పెట్టుకోవద్దు, ఆ ఉప్పే విషమవుతుంది.

సూటిమాట:
అంతా బాగానే ఉంది, ఈలోపు పాపని కరిస్తే?

పాతకాపు:
అడగాల్సిన ప్రశ్నే. పన్ను గీరుకున్నా సరే, ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు డాక్టరుకి చూపించాలి. పెంపుడు కుక్కే కదా, టీకాలు వేయించాం కదా అని ఆగకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు లేదు, ముందే టీకా పడితే ఆపొచ్చు. కుక్కని 10 రోజులు కనిపెట్టి ఉండాలి. దాని టీకా కార్డు కూడా తీసుకెళ్ళండి.

బన్నీవాళ్ళమ్మ:
పాప నేనూ ముక్క వేస్తానని గోల చేస్తోంది. గేటు బయట నిలబడి విసరనివ్వొచ్చా?

పాతకాపు:
ఇప్పుడే వద్దు. ఇది పెద్దవాళ్ళ పని. పాప చెయ్యి ఎటు విసురుతుందో తెలియదు, గేటు దగ్గర పడితే వాడు అక్కడికే వస్తాడు, దాన్ని ఎత్తడానికి పాప వంగుతుంది. తను కూడా ఏదో చెయ్యాలనుకుంటే తిండి లేని చోట, మీరు పక్కనుండగా, 'కూర్చో' అని చెప్పించండి. ముక్క మాత్రం మీ చేత్తో ఇవ్వండి. పాప తినేటప్పుడు కూడా గేటు వేసే ఉంచండి, కుర్చీ కింద రాలినదాని కోసం ఇద్దరూ ఒకేసారి వంగుతారు.