నెట్_వెయిట్ ఫీల్డు క్లాస్‌లోకి రావడం లేదు. బరువు సున్నాగానే మిగులుతోంది

ప్రశ్న (చిత్తూరు నుంచి)

నమస్కారం. మామిడి గుజ్జు పరిశ్రమకు తోతాపురి లోడ్లు వచ్చినప్పుడు, కాటా దగ్గరి కంప్యూటర్ పేరు-విలువ జతల టెక్స్ట్‌గా పంపే జేసన్‌ను చదివి రైతుకు చెల్లించవలసిన మొత్తాన్ని లెక్కగట్టే ప్రోగ్రామును సీ షార్ప్‌లో, డాట్‌నెట్ 8 మీద రాస్తున్నాను. వచ్చే ఫీల్డు పేరు అన్నీ చిన్న అక్షరాలతో, మధ్యలో అండర్‌స్కోర్‌తో ‘నెట్_వెయిట్’ అని ఉంటుంది. నా క్లాస్‌లోని ప్రాపర్టీ ‘నెట్‌వెయిట్’, అండర్‌స్కోర్ లేదు. ‘ప్రాపర్టీనేమ్‌కేస్‌ఇన్‌సెన్సిటివ్’ను ట్రూ చేశాను, పాత ప్రాజెక్టులో వాడిన ‘జేసన్‌ప్రాపర్టీ’ ఆట్రిబ్యూట్‌ను (ప్రాపర్టీ పైన రాసే సూచన) కూడా, కాటా నుంచి వచ్చే పేరుతో తగిలించాను. అయినా ఎర్రర్ ఏదీ రాకుండా బరువు సున్నాగానే వస్తోంది. తప్పు ఎక్కడుందో దయచేసి చెప్పగలరు.

జవాబు 1

మీరు ట్రూ చేసిన ఆ ఆప్షన్ డాట్‌నెట్‌తోనే వచ్చే జేసన్ లైబ్రరీ సిస్టమ్.టెక్స్ట్.జేసన్‌ది, తగిలించిన ఆట్రిబ్యూట్ మాత్రం విడిగా చేర్చుకునే న్యూటన్‌సాఫ్ట్ లైబ్రరీది. ఒకదాని ఆట్రిబ్యూట్‌ను రెండోది చూడనే చూడదు, చూడలేదని చెప్పదు కూడా. అందుకే కంపైల్ అవుతుంది, నడుస్తుంది, విలువ మాత్రం రాదు. ‘జేసన్‌ప్రాపర్టీ’ని తీసేసి ‘జేసన్‌ప్రాపర్టీనేమ్’ పెట్టండి, అది సిస్టమ్.టెక్స్ట్.జేసన్.సీరియలైజేషన్ నేమ్‌స్పేస్‌లో ఉంటుంది. ఇక ఆ ఆప్షన్ పెద్ద, చిన్న అక్షరాల తేడాను మాత్రమే వదిలేస్తుంది. అండర్‌స్కోర్ దానికి ఒక అక్షరమే కాబట్టి ఆ రెండు పేర్లూ కలవవు.

జవాబు 2 (తిరుపతి నుంచి)

ఫీల్డులన్నీ ఇదే తీరులో ఉంటే ఒక్కొక్క ప్రాపర్టీకి ఆట్రిబ్యూట్ రాయనక్కరలేదండీ. డాట్‌నెట్ 8లో వచ్చిన, ప్రాపర్టీ పేర్లను చిన్న అక్షరాలు, అండర్‌స్కోర్ల తీరుకు మార్చే ‘జేసన్‌నేమింగ్‌పాలసీ.స్నేక్‌కేస్‌లోయర్’ను ఆప్షన్లలో ‘ప్రాపర్టీనేమింగ్‌పాలసీ’కి ఇస్తే చాలు. ఆ ఆప్షన్ల ఆబ్జెక్టును ప్రతి లోడుకూ కొత్తగా సృష్టించకుండా ఒక్కసారి తయారుచేసి, అన్నిచోట్లా దాన్నే వాడండి.

అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. పాలసీ పెట్టగానే నికర బరువు వచ్చింది. కానీ మొత్తం బరువును వాళ్లు ‘గ్రాస్_డబ్ల్యుటీ’ అని కుదించి పంపుతున్నారు, నా ప్రాపర్టీ ‘గ్రాస్‌వెయిట్’. అదింకా సున్నాగానే ఉంది.

జవాబు 2

పాలసీ మీ ప్రాపర్టీ పేరును ‘గ్రాస్_వెయిట్’గా మారుస్తుంది తప్ప వాళ్ల కుదింపును ఊహించలేదు. ఆ ఒక్కదానికి ‘జేసన్‌ప్రాపర్టీనేమ్’ రాయండి. ఆట్రిబ్యూట్ ఉన్నచోట పాలసీ వర్తించదు కాబట్టి రెండూ కలిసి ఉండవచ్చు. మీరు తిరిగి జేసన్ రాసేటప్పుడు కూడా అదే పేరు వెళ్తుంది.

జవాబు 3

పేరు కుదరడం కన్నా నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది ఆ సున్నా. రేపు కాటా వైపు ఎవరైనా ఫీల్డు పేరు మార్చితే మళ్లీ ఇలాగే చడీచప్పుడు లేకుండా రైతు లెక్క తప్పుతుంది. బరువు ప్రాపర్టీలకు ‘జేసన్‌రిక్వైర్డ్’ పెట్టండి. డాట్‌నెట్ 7 నుంచి ఉంది. ఫీల్డు రాకపోతే ‘జేసన్‌ఎక్సెప్షన్’ వచ్చి పని అక్కడే ఆగుతుంది. అయితే ఫీల్డు ఉండి అందులో సున్నానే వస్తే ఇది పట్టుకోదు; దానికి విడిగా తనిఖీ రాయాలి.

అడిగినవారు

రెండు బరువులకూ పెట్టాను, సున్నా తనిఖీ కూడా రాశాను. పరీక్ష కోసం ఫీల్డు పేరు కావాలని మార్చి పంపితే వెంటనే ఆగిపోయింది. ఇప్పటివరకు చదివించిన లోడ్లన్నిటినీ మళ్లీ చదివించి, కాటా చీటీలతో సరిచూస్తున్నాను.