23 ఏళ్లకు ఓపెన్ టెన్త్ రాస్తే ఏమన్నా ఫాయిదా ఉంటదా?

జగిత్యాల_పోరడు:
అన్నలూ, తొమ్మిదిలనే బడి బంద్ జేసిన, అప్పుడు మా నాయిన పాణం మంచిగలేకుండె. ఇప్పుడు సెంట్రింగ్ పనికి పోతున్న, పనున్నప్పుడు పైసలకు ఢోకా లేదు గని వానకాలం మొత్తం ఖాళీ. ఓపెన్ టెన్త్ కడదామంటే దోస్తులేమో గా సర్టిఫికెట్‌ను ఎవడు దేకుతడురా అంటున్నరు. నిజంగనే రెగ్యులర్‌తోని సమానమా, ఫీజు దండగనా?

లెక్కల_సారు:
సమానమే తమ్ముడూ, డౌటే వద్దు. 14 నిండితే చాలు, పై వయసు లిమిట్ లేదు. అడ్మిషన్ తీసుకుంటే ఐదేళ్ల టైం, ఒకేసారి అన్నీ పాసవ్వాలని లేదు, పాసైన సబ్జెక్టు అట్లనే ఉంటది. కానీ ఓపెన్‌లో మ్యాథ్స్ కంపల్సరీ కాదు, చిక్కంతా అక్కడే. చాలామంది హోం సైన్సో బిజినెస్ స్టడీసో పెట్టుకుని గట్టెక్కుతారు, తర్వాత పాలిటెక్నిక్ డిప్లొమా ఎంట్రన్స్ పాలిసెట్ రాద్దామంటే టెన్త్‌లో లెక్కలు లేవని ఆపేస్తారు. పోస్టాఫీసు జీడీఎస్ (గ్రామీణ డాక్ సేవక్) ఉద్యోగానికీ అంతే, మ్యాథ్స్, ఇంగ్లీషు రెండూ పాసై ఉండాలి.

గుంటూరు_కుర్రాడు:
సారు చెప్పింది కరెక్టే గానీ జీడీఎస్ మీద ఆశ పెట్టించకండి. దానికి పరీక్ష లేదు, టెన్త్ మార్కులే మెరిట్, నూటికి నూరుకి దగ్గర్లో వచ్చినోళ్లే లిస్టులో ఉంటారు, సెంట్రింగ్ పని చేసుకుంటూ చదివేవాడికి అన్ని ఎక్కడొస్తాయండీ. బ్రో, టెన్త్ అవ్వగానే ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేరు, రెండేళ్లు. బిల్డింగుల్లో పని ఎలాగూ తెలుసు, మేస్త్రీలూ తెలుసు. రైల్వే గ్రూప్ డీ పడ్డప్పుడు అదీ అప్లై చెయ్, దానికి టెన్త్ చాలు.

షార్జా_మల్లన్న:
అసలు ముచ్చట ఎవ్వరు చెప్తలేరు. టెన్త్ పాసైతే పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్, అంటే ఎమిగ్రేషన్ చెక్ కావాలె అనే ముద్ర, పడదు. గా ముద్ర ఉంటే సౌదీ, ఖతార్, దుబాయ్ ఏడికి పనికి పోవాలన్నా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలె, అది సూపెట్టి ఏజెంటు ఇంకిన్ని పైసలు గుంజుతడు. మన జగిత్యాలోళ్లకు గీ ఒక్కదానికోసమన్నా టెన్త్ కావాలె. రమ్మని చెప్తలేను తమ్మీ, ఈడ ఎండల పని ఎట్లుంటదో నన్నడుగు.

జగిత్యాల_పోరడు:
గల్ఫ్ మా అమ్మ పోనియ్యది అన్న 😅 సారూ, లెక్కలంటే నాకు చిన్నప్పటినుంచే భయం. ఇంకొకటి, మా ఊళ్లె ఒకడు పైసలిస్తే రాయకుండనే పాస్ మెమో తెప్పిస్త అంటున్నడు.

లెక్కల_సారు:
వాని మొహం చూడకు. జాబు వచ్చినంక కూడా సర్టిఫికెట్ బోర్డుకు పంపి వెరిఫై చేయిస్తారు, దొంగ మెమో అయితే ఉద్యోగం పోవుడే కాదు కేసు అయితది. సెంట్రింగ్‌లో స్లాబ్‌కి ఎన్ని షీట్లు పడతయో లెక్క కడతవు కదా, ఏరియాల చాప్టర్ అదే, 35 వస్తే పాస్. మీ మండలం హైస్కూల్లో స్టడీ సెంటర్ ఉందేమో కనుక్కో, క్లాసులు సెలవు రోజుల్లోనే ఉంటయి. అప్లికేషన్ పెట్టేముందు ఆధార్‌లో పేరు, పుట్టిన తారీకు చూసుకో, మెమో మీద తప్పు పడితే దిద్దించుకునుడు పెద్ద తిప్పలు.