నల్ల జెర్సీపై అంకెలు దూరం నుంచి కనిపించడం లేదు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఓరెగాన్ వంటి జట్లు ధరించే ముదురు రంగుల తరహాలో, మా ఫ్లాగ్ ఫుట్‌బాల్ జట్టుకు నల్ల జెర్సీపై బొగ్గు బూడిద రంగు అంకెలను సబ్లిమేషన్ (వేడితో రంగును గుడ్డలోకి ఇంకించే) పద్ధతిలో ముద్రించేలా రూపొందిస్తున్నాను. అంకెలు అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ కనీస కొలత ప్రకారమే ముందు 8, వెనుక 10 అంగుళాల ఎత్తున్నాయి. తెరపై స్పష్టంగానే ఉన్నా, నమూనా గుడ్డపై ఫ్లడ్‌లైట్ల వెలుగులో 30 గజాల దూరానికే నలుపులో కలిసిపోతున్నాయి. పావు అంగుళం తెల్ల అంచు చేర్చి, బూడిద రంగును కొంత లేతపరిచి చూసినా, అంచు మాత్రమే కొట్టొచ్చినట్టు కనిపించింది తప్ప 3కూ 8కీ తేడా తెలియలేదు. అంచుతో నిమిత్తం లేకుండా అంకె రంగే జెర్సీ రంగుకు స్పష్టంగా భిన్నంగా ఉండాలని కాలేజీ జట్లకు 2013లో నియమం పెట్టడం సబబేననిపిస్తోంది. పూర్తి తెలుపుకు మారకుండా, ఈ నలుపుపై రాత్రి ఆటలో దూరం నుంచి చదవగలిగే అంకె రంగు ఏది?